మూత్రపిండంలో కణితి: వెంటనే కోయాలా, కనిపెట్టి ఉండాలా? లినెహాన్ పరిశోధనపై చర్చ

తంగేడుపువ్వు | మార్చి 3, రాత్రి 9:12

మా అమ్మమ్మకు నలభై నిండకముందే ఎడమ కన్ను పోయింది. ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. దిష్టి తగిలిందన్నారు, పొలంలో ఏదో పడిందన్నారు. 1996లో మా మేనమామకు కుడి మూత్రపిండంలో కణితి ఉందని కిడ్నీ మొత్తం తీసేశారు. ఎనిమిదేళ్ల తరువాత రెండో కిడ్నీలోనూ కణితులు కనిపించాయి. అదీ తీసేశారు. నాలుగేళ్లు డయాలసిస్ మీద బతికి, చివరికి వెళ్లిపోయాడు. తల్లి కంటికీ కొడుకు కిడ్నీలకూ సంబంధం ఉండవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు.

పోయిన నెల మా బావకు, అంటే ఆ మేనమామ కొడుకుకు, కడుపునొప్పి అని స్కానింగు తీయిస్తే రెండు కిడ్నీల్లోనూ కణితులు బయటపడ్డాయి. వయసు 36. కుడివైపు మూడు, వాటిలో పెద్దది 3.4 సెంటీమీటర్లు. ఎడమవైపు రెండు, పెద్దది 1.9. మొదట చూపించిన చోట కుడి కిడ్నీ పూర్తిగా తీసేద్దాం, ఎడమదాని సంగతి తరువాత చూద్దాం అన్నారు. అత్తయ్య ఆ మాట వినగానే కుర్చీలో కూలబడింది. ఇదే మాట ఆమె ఒకసారి వినేసింది కదా.

రెండో అభిప్రాయం కోసం ఇంకొక డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఫైలు తిరగేస్తూ ముందుగా అడిగిన ప్రశ్న: "మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా?" నాకు ఒళ్లు జలదరించింది. రక్తం పంపి జన్యు పరీక్ష చేయించారు. వాన్ హిపెల్ లిండావ్ వ్యాధి, పొట్టిగా వీహెచ్‌ఎల్ అని తేలింది.

నేను జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. మూడు వారాలుగా రాత్రిళ్లు ఇదే చదువుతున్నాను. చదివినకొద్దీ ఒక పేరు పదేపదే ఎదురైంది. డాక్టర్ మార్స్టన్ లినెహాన్, అమెరికాలోని బెథెస్డాలో జాతీయ క్యాన్సర్ సంస్థలో మూత్రకోశ క్యాన్సర్ విభాగానికి అధిపతిగా పనిచేసిన శస్త్రవైద్యుడు. 1980ల తొలి రోజుల్లో కిడ్నీ క్యాన్సర్ అంటే వైద్యులకు ఒకటే జబ్బు. అందరికీ ఒకటే ఆపరేషన్, పాకిపోతే అందరికీ అవే పనిచేయని మందులు. లినెహాన్, బెర్టన్ జ్‌బార్, మైఖేల్ లెర్మన్ కలిసి ఆ జబ్బుకు మూలమైన జన్యువు కోసం వెతకడం మొదలుపెట్టారు. 1987 నాటికి కణితుల్లో మూడో క్రోమోజోము పొట్టి భుజంలో ఒక ముక్క పోతున్నదని చూపించారు. అయితే ఆ ముక్క పెద్దది, అందులో వందల జన్యువులున్నాయి. గడ్డివామిలో సూది వెతకడమే. అప్పుడు వాళ్లు తరతరాలుగా ఈ జబ్బు ఉన్న కుటుంబాల వైపు తిరిగారు. తాత, తండ్రి, మేనత్త, పిల్లలు అందరినీ పిలిపించి కళ్లు, మెదడు, కిడ్నీలు పరీక్షించి రక్తం తీసుకున్నారు. 1993లో వీహెచ్‌ఎల్ జన్యువు దొరికింది.

ఆ కుటుంబాల స్థానంలో మా ఇంటినే చూసుకుంటున్నాను. అమ్మమ్మ కన్ను, మామయ్య కిడ్నీలు, బావ. ఎవరో మా వంశవృక్షం గీసినట్టే ఉంది.

ఇక్కడ కణితి మాత్రమే తీసి కిడ్నీ ఉంచే ఆపరేషన్ చేయించుకున్నవారు, చేసినవారు ఎవరైనా ఉన్నారా? చిన్న కణితులను అలాగే ఉంచి చూస్తూ ఉందాం అంటున్నారు. మామయ్యను చూసిన మాకు అది మింగుడు పడడం లేదు.

వేదిక నిర్వాహకులు | మార్చి 3, రాత్రి 9:40

స్కానింగు కాగితాల ఫోటోలు పెట్టేవారు పేరు, ఫోను నంబరు, ఆసుపత్రి పేరు చెరిపి పెట్టండి. ఇక్కడి మాటలు మీ డాక్టరు మాటకు బదులు కావు.

శస్త్రవైద్యుడు_విశాఖ | మార్చి 3, రాత్రి 11:05

తంగేడుపువ్వు గారూ, నేను యూరాలజిస్టును. అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న. మీ బావగారికి ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, తలనొప్పి, బీపీ పెరగడం ఉన్నాయా? లేకపోయినా సరే, కత్తి పట్టకముందే అడ్రినల్ గ్రంథుల పరీక్ష జరిగి తీరాలి. వీహెచ్‌ఎల్ ఉన్నవారిలో కొందరికి కిడ్నీ మీద కూర్చున్న ఆ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే కణితి ఉంటుంది. అది ఉందని తెలియకుండా మత్తు ఇస్తే బీపీ ఒక్కసారిగా ఆకాశానికి ఎగిరి ప్రాణం మీదకు వస్తుంది. రక్తంలో గానీ, 24 గంటల మూత్రంలో గానీ మెటనెఫ్రిన్లు, అంటే ఆ కణితి ఉంటే పెరిగే పదార్థాలు, చూస్తారు. రేపు ఉదయమే మీ డాక్టరును అడగండి.

ఇక మీ అసలు ప్రశ్న. లినెహాన్ బృందం సాధించినవాటిలో జన్యువు కనుక్కోవడం ఎంత గొప్పదో, ఆపరేషన్ బల్ల దగ్గర వాళ్లు నేర్పిన ఓర్పు కూడా అంత గొప్పదని నేను నమ్ముతాను. వీహెచ్‌ఎల్ ఉన్న ఒక్క కిడ్నీలో సూక్ష్మదర్శినికి మాత్రమే కనిపించే కణితులు ఆరు వందల దాకా, నీటితిత్తులు వెయ్యికి పైగా ఉండవచ్చని వాళ్లు లెక్కగట్టారు. కనబడిన ప్రతిదాన్నీ వెంటనే తీయాలంటే ఆ మనిషిని జీవితమంతా కోస్తూనే ఉండాలి. ప్రతి ఆపరేషన్ తరువాత కిడ్నీ చుట్టూ అతుకులు పడతాయి, తరువాతి ఆపరేషన్ ఇంకా కష్టమవుతుంది. మొత్తం తీసేస్తే డయాలసిస్. అప్పట్లో రెండు కిడ్నీలూ తీసేసేవారు చాలామంది. మీ మేనమామగారికి జరిగింది అదే.

అందుకని వాళ్లు ఒక గీత గీసుకున్నారు: 3 సెంటీమీటర్లు. అతి పెద్ద కణితి ఆ గీత దాటేవరకు స్కానింగులతో కనిపెట్టి ఉంటారు. దాటగానే ఆపరేషన్ చేసి, ఆ పెద్దదానితోపాటు ఆ కిడ్నీలో చేతికి దొరికినవన్నీ ఒకేసారి తీసేస్తారు, కిడ్నీని మాత్రం ఉంచుతారు. 2004లో వాళ్లు ప్రచురించిన లెక్క నేను మా పీజీ విద్యార్థులకు ప్రతి ఏడాదీ చెబుతాను. వీహెచ్‌ఎల్ కిడ్నీ కణితులున్న 181 మందిలో 108 మందికి పెద్ద కణితి 3 సెంటీమీటర్ల లోపు ఉంది. ఆ 108 మందిలో ఒక్కరికి కూడా క్యాన్సర్ వేరే అవయవాలకు పాకలేదు. 3 దాటిన 73 మందిలో 20 మందికి పాకింది.

ఈ లెక్కను బట్టి చూస్తే మీ బావగారికి కుడివైపు ఆపరేషన్ సమయం వచ్చింది, ఎడమవైపు రాలేదు. కుడి కిడ్నీ పూర్తిగా తీయవలసిన అవసరం మాత్రం మీరు చెప్పినదాంట్లో నాకు కనిపించడం లేదు.

విశ్రాంత_మాస్టారు | మార్చి 4, ఉదయం 6:20

డాక్టరు గారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. పదకొండేళ్ల క్రితం నా భార్యకు ఎడమ కిడ్నీలో 7 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. వారంలోపే కిడ్నీ మొత్తం తీశారు. ఈరోజు ఆమె వంటింట్లో దోసెలు పోస్తున్నది. లోపల క్యాన్సర్ పెట్టుకుని చూస్తూ కూర్చోండి అని మీరు రాసింది చదివి ఎవరైనా ఆపరేషన్ మానుకుంటే ఆ పాపం ఎవరిది? పాము పిల్లని చూసి చిన్నదే కదా అని ఇంట్లో ఉంచుకుంటామా?

శస్త్రవైద్యుడు_విశాఖ | మార్చి 4, మధ్యాహ్నం 2:30

మాస్టారూ, మీ భయం న్యాయమైనది. అమ్మగారికి జరిగిన ఆపరేషన్ కూడా న్యాయమైనదే. 7 సెంటీమీటర్ల గడ్డ, ఒకవైపే, రెండో కిడ్నీ ఆరోగ్యంగా ఉంది. అలాంటిచోట ఈరోజుకీ చాలామందికి మొత్తం కిడ్నీ తీయడమే సరైన దారి. నేను రాసింది వంశపారంపర్యంగా వీహెచ్‌ఎల్ ఉన్నవారి గురించి మాత్రమే. ఈ 3 సెంటీమీటర్ల గీతను ఎవరికివారు తమ ఇంటికి పట్టుకుపోకూడదు, అది కూడా స్పష్టంగా రాస్తున్నాను.

అయితే ఆ కుటుంబాల వల్ల మిగిలిన రోగులకూ మేలు జరిగింది. ఒకప్పుడు 2 సెంటీమీటర్ల కణితికి కూడా కిడ్నీని, చుట్టూ ఉన్న కొవ్వును, కొన్నిసార్లు అడ్రినల్‌ను కలిపి తీసేవాళ్లం. ఇప్పుడు 4 సెంటీమీటర్ల లోపు కణితి అయితే, చోటు అనుకూలిస్తే, కణితిని మాత్రమే తీయడం మొదటి ఎంపిక. కిడ్నీలు రెండున్నాయి కదా, ఒకటి పోతే ఏమి అనే రోజులు పోయాయి. మన దగ్గర యాభై దాటినవారిలో మధుమేహం, బీపీ ఎంతమందికి ఉన్నాయో మీకు తెలుసు. ఉన్న ఒక్క కిడ్నీని ఆ రెండూ తినేస్తుంటే చివరికి డయాలసిస్ గదికే చేరుకుంటారు.

ఆపరేషన్ ఎలా ఉంటుందో తంగేడుపువ్వు గారి కోసం చెబుతాను. కిడ్నీకి రక్తం తెచ్చే ధమనికి కాసేపు క్లిప్పు వేస్తాం, లేకపోతే కోసినచోట రక్తం ఆగదు. క్లిప్పు పడినప్పటి నుంచి గడియారం మొదలవుతుంది. అరగంటలోపే పని ముగించాలని చూస్తాం, ఎక్కువసేపు పడుతుందనుకుంటే కిడ్నీ చుట్టూ మంచు ముక్కలు పేరుస్తాం. లోపల దాగిన కణితులను వెతకడానికి చిన్న అల్ట్రాసౌండు పరికరాన్ని నేరుగా కిడ్నీ మీదే ఆనించి చూస్తాం. వీహెచ్‌ఎల్ కణితికి చుట్టూ పలచటి పొర ఉంటుంది. ఆ పొర వెంబడి వెళితే వేరుశనగ కాయలోంచి గింజ ఊడివచ్చినట్టు వస్తుంది. చుట్టూ ఉన్న మంచి కండను కోయనక్కరలేదు. తరువాత కుట్లు వేసి క్లిప్పు తీస్తే, తెల్లబోయిన కిడ్నీ మళ్లీ ఎర్రగా నిండుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం అపురూపమే.

విశ్రాంత_మాస్టారు | మార్చి 4, సాయంత్రం 5:15

అర్థమైంది డాక్టరు గారూ. నా మాట కొంచెం కటువుగా వచ్చింది, మన్నించండి. అమ్మాయీ, మీ బావగారు బాగుండాలి.

మందసరోడ్డు | మార్చి 4, రాత్రి 8:02

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం ప్రాంతం. కిడ్నీ అనే మాట వింటేనే మా ఊళ్లలో గుండె ఆగుతుంది. మా పెదనాన్నగారు, ఇద్దరు పొరుగువాళ్లు పోయారు. మా దగ్గర ఉన్నది కూడా ఇలాంటి జన్యువు వల్లేనా? అది క్యాన్సర్‌గా మారుతుందా?

శస్త్రవైద్యుడు_విశాఖ | మార్చి 4, రాత్రి 10:18

కాదండి. ఉద్దానంలో ఉన్నది దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి. కిడ్నీ వడపోత శక్తి మెల్లగా తగ్గిపోతుంది, కణితులు ఉండవు. కొబ్బరి, జీడి తోటల్లో ఎండలో పనిచేసేవారిలో, మధుమేహమూ బీపీ లేనివారిలో కూడా వస్తున్నది. కారణం ఏమిటో ఇంకా తేలలేదు. అక్కడ చూడవలసినది రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను. కిడ్నీ క్యాన్సర్‌లో చాలాకాలం క్రియాటినిన్ మామూలుగానే ఉంటుంది. దాన్ని పట్టించేది స్కానింగు. మూత్రంలో రక్తం పడితే మాత్రం నొప్పి ఉన్నా లేకపోయినా ఎవరైనా చూపించుకోవాలి. మీ ఊరి బాధ నాకు తెలుసు, దాని మీద విడిగా చర్చ మొదలుపెట్టండి, నేను తప్పక వస్తాను.

కణశాస్త్రి_బోస్టన్ | మార్చి 5, ఉదయం 7:44

నేను కణజీవశాస్త్రంలో పరిశోధకుడిని, సొంత ఊరు కోనసీమ. వీహెచ్‌ఎల్ జన్యువు చేసే పనేమిటో మా ఊరి కాలువ భాషలో చెప్పే ప్రయత్నం చేస్తాను.

కాలువ లాకుల దగ్గర లస్కరు ఉంటాడు. చేలలో నీళ్లు చాలినంత ఉన్నాయని కబురు రాగానే తలుపు దింపుతాడు. నీళ్లు తక్కువైతే ఎత్తుతాడు. మన కణంలో నీళ్లకు బదులు ప్రాణవాయువు. అది తక్కువైనప్పుడు హిఫ్ అనే ప్రోటీను పెరిగి, కొత్త రక్తనాళాలు రావాలి, చక్కెర ఎక్కువ కావాలి అని ఆజ్ఞలు ఇస్తుంది. ప్రాణవాయువు చాలినంత ఉన్నప్పుడు హిఫ్ మీద ఒక చిన్న రసాయన గుర్తు పడుతుంది. ఆ గుర్తే కబురు. దాన్ని చూసి హిఫ్‌ను పట్టుకుని నాశనానికి పంపే లస్కరు వీహెచ్‌ఎల్ ప్రోటీను.

లస్కరు లేకపోతే? తలుపు ఎత్తినట్టే ఉండిపోతుంది. కణం నిండా ప్రాణవాయువు ఉన్నా, ఊపిరాడనట్టే ప్రవర్తిస్తుంది. రక్తనాళాలు గుంపులుగా పుడతాయి. అందుకే వీహెచ్‌ఎల్ ఉన్నవారి కంట్లో, చిన్నమెదడులో, వెన్నులో రక్తనాళాల గడ్డలు, కిడ్నీలో కణితులు. మీ అమ్మమ్మగారి కంటిలో జరిగింది బహుశా ఇదే.

ఈ కబురు ఎలా వెళుతుందో విప్పి చెప్పినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019 నోబెల్ బహుమతి వచ్చింది.

అందరికీ సంబంధించిన విషయం ఇంకొకటి ఉంది. 1994లో లినెహాన్ బృందం, వంశంలో ఎవరికీ జబ్బు లేని మామూలు రోగుల కణితుల్లోనూ ఇదే జన్యువు చెడిపోయిందని చూపించింది. కిడ్నీ క్యాన్సర్లలో ముప్పాతిక భాగం క్లియర్ సెల్ రకం, వాటిలో అత్యధిక భాగంలో ఈ లస్కరు ఉండడు. 2005 చివర్లో సొరాఫెనిబ్, 2006 జనవరిలో సునిటినిబ్ మందులకు అమెరికాలో అనుమతి వచ్చింది. అవి తెరిచిన తలుపు గుండా పోతున్న నీటికి అడ్డుకట్ట వేసే మందులు. నేరుగా హిఫ్‌నే పట్టే మందు బెల్జుటిఫాన్. 2021 ఆగస్టులో వీహెచ్‌ఎల్ రోగుల కోసమే దానికి అనుమతి వచ్చింది. 61 మందికి ఇచ్చిన ఆ పరీక్షలో సగంమందికి కిడ్నీ కణితులు చెప్పుకోదగినంత కుంచించుకుపోయాయి. ఆ పరిశోధనలో లినెహాన్ కూడా ఉన్నారు.

కన్ను పోయిన అమ్మమ్మకూ, మాత్ర మింగే మనవడికీ మధ్య ఇంత దూరం నడిచారు.

నిక్కచ్చి | మార్చి 5, ఉదయం 11:31

చర్చ బాగుంది కానీ ఒక్క మనిషి భుజాల మీద అంతా మోపుతున్నాం. 1993 వ్యాసంలో మొదటి పేరు ఫరీదా లతీఫ్‌ది. ఇంగ్లండులో ఈమన్ మాహర్ సేకరించిన కుటుంబాలు లేకపోతే ఆ జన్యువు అంత త్వరగా దొరికేది కాదు. అంతకు ముందు 1979లో బోస్టన్ వైద్యులు ఒకే కుటుంబంలో అనేకమందికి కిడ్నీ క్యాన్సర్ రావడాన్నీ, మూడో, ఎనిమిదో క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడాన్నీ రాసిపెట్టారు. ఆ వంశమే మొదటి ఆచూకీ. బెల్జుటిఫాన్‌కు బీజం టెక్సాస్‌లో పడింది. జబ్బు పేరులో ఉన్న ఇద్దరూ అంతకంటే పాతవాళ్లు. జర్మనీ కంటి వైద్యుడు హిపెల్ 1904లో కంటి గడ్డల గురించి రాశాడు, స్వీడన్ వాడు లిండావ్ 1926లో కంటినీ మెదడునూ కలిపి చూశాడు.

లినెహాన్ గొప్పతనం నా దృష్టిలో వేరే. ఆయన శస్త్రవైద్యుడై ఉండి ప్రయోగశాలను వదల్లేదు. ఒకే కుటుంబాలను దశాబ్దాల తరబడి చూశాడు. ఒక తరానికి తానే ఆపరేషన్ చేసి, ఆ కణితి ముక్కను తన ప్రయోగశాలకే పంపి, అక్కడ తేలినదాన్ని బట్టి తరువాతి తరానికి ఆపరేషన్ ఎప్పుడు చేయాలో నిర్ణయించాడు. జబ్బుకు ఒక్క జన్యువుతో ఆగిపోలేదు కూడా. 1997లో మరొక రకం వంశపారంపర్య కిడ్నీ క్యాన్సర్‌కు మెట్ జన్యువు, 2002లో కిడ్నీ కణితులు తెచ్చే ఇంకొక వంశపారంపర్య జబ్బు బర్ట్ హాగ్ డూబేకు ఫాలిక్యులిన్ జన్యువు. అదే ఏడాది బ్రిటన్, ఫిన్లాండ్ పరిశోధకుల కూటమి, చెడితే వేరొక రకం కిడ్నీ క్యాన్సర్ తెచ్చే ఎఫ్‌హెచ్ జన్యువును పట్టుకుంది. కిడ్నీ క్యాన్సర్ ఒక జబ్బు కాదు, అనేక జబ్బులకు ఒకే పేరు అని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చాడు.

తంగేడుపువ్వు | మార్చి 5, రాత్రి 9:50

నిక్కచ్చి గారూ, మీరు సరిదిద్దినందుకు సంతోషం. ఫరీదా లతీఫ్ పేరు నేను కూడా రాసి ఉండవలసింది.

విశాఖ డాక్టరు గారూ, మీరు అడిగిన పరీక్ష మా ఫైలులో లేదు. బావకు అప్పుడప్పుడు దడ వస్తుందట, ఆఫీసు ఒత్తిడి అనుకున్నాడట. ఈరోజే రక్తం ఇచ్చి వచ్చాం. ఫలితం వచ్చేదాకా ఆపరేషన్ తేదీ పెట్టబోమని మా డాక్టరు అన్నారు.

మల్లెచెండు | మార్చి 6, ఉదయం 10:09

ఎఫ్‌హెచ్ జన్యువు మాట చదివి ఆగిపోయాను. గూగుల్‌లో చూస్తే గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు, చర్మం మీద గడ్డలు అని ఉంది. మా అమ్మకు ఫైబ్రాయిడ్లు ఎక్కువై 29 ఏళ్లకే గర్భాశయం తీసేశారు. ఆమె చేతి మీద, వీపు మీద గోధుమరంగు బుడిపెలు ఉన్నాయి, చలికాలం నొప్పి పెడతాయి అంటుంది. నాకు 31. రెండు ఫైబ్రాయిడ్లు ఉన్నాయి. మేము భయపడాలా?

శస్త్రవైద్యుడు_విశాఖ | మార్చి 6, మధ్యాహ్నం 1:47

అమ్మా, ఫైబ్రాయిడ్లు అతి సాధారణం. వాటిని చూసి కిడ్నీ క్యాన్సర్ అనుకుంటే దేశంలో సగంమంది ఆడవాళ్లు నిద్రపోకూడదు. కానీ మీరు చెప్పిన మూడు విషయాలు కలిపి చూడవలసినవే: ముప్ఫైలోపే గర్భాశయం తీయవలసి రావడం, చలికి నొప్పిపెట్టే చర్మపు బుడిపెలు, మీకూ చిన్న వయసులోనే ఫైబ్రాయిడ్లు. ముందు అమ్మగారిని చర్మవైద్యుడికి చూపించండి, ఒక బుడిపె నుంచి ముక్క తీసి పరీక్షిస్తారు. లియోమయోమా, అంటే నునుపు కండరపు గడ్డ, అని వస్తే జన్యు వైద్యుల దగ్గరికి. అమ్మగారికి ఒక కిడ్నీ స్కానింగు ఇప్పుడే తీయిస్తే తప్పులేదు.

ఈ సందర్భంలో అందరూ గమనించవలసిన విషయం ఒకటుంది. పైన నేను అంత గట్టిగా చెప్పిన 3 సెంటీమీటర్ల గీత ఎఫ్‌హెచ్ జన్యువు చెడిన కణితికి వర్తించదు. ఒక్క సెంటీమీటరు కూడా ఆగకూడదు. అది పొరలో ఒదిగి ఉండే కణితి కాదు. పొలంలో తుంగ చూశారు కదా, పైన చిన్న మొక్క, కింద వేళ్లు ఎక్కడికో పోయి ఉంటాయి. చిన్నగా ఉండగానే లింఫ్ గ్రంథులకు పాకుతుంది. కనబడిన వెంటనే, చుట్టూ మంచి కండను కూడా వెడల్పుగా కలిపి తీయాలి. ఈ జన్యువు ఉన్న కుటుంబాల్లో పిల్లలకు ఎనిమిదేళ్ల వయసు నుంచే ఏటా ఎంఆర్‌ఐ చేయమంటారు.

ఒకే అవయవం, స్కానింగులో ఒకేలా కనిపించే మచ్చ. ఒకరి విషయంలో తొందరపడితే కిడ్నీ పోతుంది, ఇంకొకరి విషయంలో ఆగితే ప్రాణం పోతుంది. ఏది ఏదో చెప్పగలిగేది ఇంటి చరిత్ర, జన్యు పరీక్ష. నా చదువు రోజుల్లో రోగిని "మీ ఇంట్లో ఎవరికైనా..." అని అడిగి, సమాధానం వినకుండానే "లేదు" అని రాసుకునేవాళ్లం. ఆ అలవాటు పోవాలి.

కణశాస్త్రి_బోస్టన్ | మార్చి 6, రాత్రి 8:26

డాక్టరు గారి మాటకు చిన్న చేర్పు. ఎఫ్‌హెచ్ చెడితే లస్కరు ఉంటాడు కానీ అతనికి కబురు అందదు. ఫ్యూమరేట్ అనే పదార్థం కణంలో పేరుకుపోయి, హిఫ్ మీద గుర్తు వేసే ఎంజైమును అడ్డుకుంటుంది. తలుపు తెరిచే ఉంటుంది. కారణం వేరు, ఫలితంలో కొంత పోలిక. ఫ్యూమరేట్ ఇంకా చాలా పాడు పనులు చేస్తుంది, అందుకే ఇది అంత దుడుకైన జబ్బు. దీనికి బెవాసిజుమాబ్, ఎర్లోటినిబ్ అనే రెండు మందులను కలిపి లినెహాన్, రామప్రసాద్ శ్రీనివాసన్ బృందం పరీక్షించింది. జబ్బు పాకినవారిలో కూడా నూటికి డెబ్బైమందికి పైగా కణితులు తగ్గాయి. పదిహేనేళ్ల క్రితం ఈ జబ్బుకు చెప్పుకోవడానికి ఒక్క మందు లేదు.

తుంగభద్ర | మార్చి 7, ఉదయం 9:33

మా నాన్నగారికి ఊపిరితిత్తులకు పాకిన తరువాత తెలిసింది. కిడ్నీలో 9 సెంటీమీటర్ల గడ్డ. ముందు మందులు, ఆపరేషన్ తరువాత ఆలోచిద్దాం అంటున్నారు. అసలు మూలాన్ని తీయకుండా మందులు ఏమిటని మా చిన్నాన్న గొడవ పెడుతున్నారు.

శస్త్రవైద్యుడు_విశాఖ | మార్చి 7, మధ్యాహ్నం 12:58

మీ చిన్నాన్నగారిలాగే మేమూ చాలాకాలం ఆలోచించాం. 2018లో పారిస్‌కు చెందిన అర్నో మెజాన్ ఆధ్వర్యంలో కార్మెనా అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. జబ్బు పాకిన 450 మందిలో సగంమందికి ముందు కిడ్నీ తీసి తరువాత సునిటినిబ్ ఇచ్చారు, మిగతావారికి మందు మాత్రమే. మందు మాత్రమే తీసుకున్నవారు తక్కువ కాలం బతకలేదు. మధ్యస్థంగా వారి జీవితకాలం 18.4 నెలలు, ఆపరేషన్ చేయించుకున్నవారిది 13.9 నెలలు. పెద్ద ఆపరేషన్ నుంచి కోలుకునేలోపు మందు మొదలుపెట్టే సమయం చేజారిపోవడం ఒక కారణం. ఇప్పుడు సునిటినిబ్ కంటే మంచివి, రోగనిరోధక శక్తిని లేపే మందులు వచ్చాయి. వాటికి బాగా స్పందించినవారికి తరువాత కిడ్నీ తీస్తున్నాం. పాకిన చోట్లు ఒకటి రెండే ఉండి, మనిషి గట్టిగా ఉంటే ముందే తీసేవాళ్లమూ ఉన్నాం. మీ డాక్టర్లు చెప్పిన వరుస సబబుగానే ఉంది.

కృష్ణాతీరం_డెట్రాయిట్ | మార్చి 8, ఉదయం 6:11

రోబోతో చేస్తేనే కిడ్నీ మిగులుతుందా? మా ఊళ్లో వట్టికూటి రాజ్ దంపతుల విరాళంతో వెలసిన యూరాలజీ సంస్థ ఉంది, రోబో శస్త్రచికిత్సకు పేరుపొందిన చోటు. తెలుగువారి డబ్బు అలాంటి పనికి వెళ్లినందుకు గర్వంగా ఉంటుంది. అందుకే అడుగుతున్నాను.

శస్త్రవైద్యుడు_విశాఖ | మార్చి 8, రాత్రి 9:00

రోబోతో కోత చిన్నది, త్వరగా లేచి నడుస్తారు, లోపల కుట్లు వేయడం మాకు సులువు. కానీ మూడు నాలుగు కణితులు లోతుగా ఉన్నప్పుడు, ఇంతకుముందే ఒకసారి కోసిన కిడ్నీ అయినప్పుడు, పెద్ద కోతతో చేయడమే మేలు కావచ్చు. "మీ దగ్గర రోబో ఉందా" అని కాదు, "కిడ్నీ ఉంచి కణితి తీసే ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారు" అని అడగండి.

తంగేడుపువ్వు | ఏప్రిల్ 19, సాయంత్రం 6:35

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి.

అడ్రినల్ పరీక్ష మామూలుగానే వచ్చింది. కంటి డాక్టరు మాత్రం బావ కుడి కంటి అంచున చిన్న రక్తనాళాల గడ్డను చూశారు. చూపుకు ఇంకా ఏమీ కాలేదు. లేజరు పెట్టారు, అరగంట పని. అమ్మమ్మకు ఆ అరగంట దొరకలేదు.

మార్చి 27న ఆపరేషన్ జరిగింది. పెద్ద కోతతోనే చేశారు. స్కానింగులో మూడు కనిపించాయి కదా, లోపల చూస్తే ఐదున్నాయట. ఐదూ తీశారు. ధమనికి క్లిప్పు 22 నిమిషాలు. కిడ్నీ ఉంది. నిన్నటి క్రియాటినిన్ 1.1. ఎడమవైపు వాటిని ఆరు నెలలకొకసారి ఎంఆర్‌ఐతో చూస్తారు. గీత వైపు వస్తుంటే బెల్జుటిఫాన్ గురించి మాట్లాడదాం అన్నారు. ఆ మందుతో రక్తం బాగా తగ్గుతుందని, పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే ఆలోచించుకోవాలని చెప్పారు.

బావకు ఏడేళ్ల కూతురు. ఆ పాపకు సగానికి సగం అవకాశం. పరీక్ష చేయించాలా వద్దా అని అక్క వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తెలిస్తే ఏటా కళ్లు చూపించుకుంటాం, తెలియకపోతే రోజూ భయపడతాం అని చివరికి తనే అంది. రక్తం పంపాం, ఫలితం రావాలి.

మా అమ్మకు కూడా చేయించాం, మామయ్యకు చెల్లెలు కదా. ఆమెకు 61. అమ్మకు ఆ జన్యువు రాలేదు, అంటే నాకూ లేదు. ఆ కాగితం చదివి అమ్మ చాలాసేపు మామయ్య ఫోటో దగ్గర కూర్చుంది. నేను పలకరించలేదు.

మల్లెచెండు గారూ, మీ అమ్మగారి బుడిపె పరీక్ష ఏమైంది?

మల్లెచెండు | ఏప్రిల్ 19, రాత్రి 10:22

మీ బావగారి మాట చదివి కళ్లు చెమర్చాయి. అమ్మ బుడిపె లియోమయోమా అనే వచ్చింది. జన్యు పరీక్షకు ఇద్దరమూ రక్తం ఇచ్చాం. అమ్మ కిడ్నీల స్కానింగులో ఏమీ లేదు. నాది వచ్చే మంగళవారం.